పూలకుండీ వెనక

ఆమెను సభలూ సదస్సులూ ఏర్పాటు చేసే పనిలో ఉన్నవాళ్ళంతా అట్టక్క అంటారు. పిల్లలు పరీక్షలకు తీసుకెళ్ళే అట్ట ఒకటి, క్లిప్పు తుప్పు పట్టింది, పదమూడేళ్ళుగా ఆమె చంకలోనే ఉంటుంది. దాని మీద నిమిషాల కాగితం. తొమ్మిదింబావుకి తలుపులు, తొమ్మిదీ ఇరవైకి మైకు, తొమ్మిదిన్నరకి అతిథి కారు. ఎవరికి ఏ కుర్చీయో, ఎవరు మోకాళ్ళ నొప్పులవల్ల మెట్లెక్కలేరో కూడా ఆ కాగితానికి తెలుసు. ఆమె ఎవరో మాత్రం జీతాల పట్టీకి తెలియదు. పదమూడేళ్ళుగా రోజుకూలీ. సొమ్మొకడిది, సోకొకడిది. నడిపేది ఆమె, చప్పట్లు కంపెనీ యజమానికి.

అలాంటి మనిషి ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. ఊరి చివర కొత్తగా కట్టిన సమావేశ కేంద్రంలో కార్యక్రమాలు నడిపించే ఉద్యోగం. నెలజీతం, జబ్బు చేస్తే సెలవు, మెడలో పేరున్న కార్డు. డిగ్రీ గాని పదేళ్ళ అనుభవం గాని ఉంటే చాలట. ప్రకటన చూసి పట్టుకొచ్చింది ఆడపడుచు. జిరాక్సు షాపులో పనిచేస్తుంది కాబట్టి ఊళ్ళోవాళ్ళ దరఖాస్తులన్నీ ఆమె చేతిమీదుగానే పోతాయి.

చివరి రోజు మధ్యాహ్నం షాపులో వదినా మరదళ్ళిద్దరూ ఫొటోలు ముందేసుకుని కూర్చున్నారు. తాను నడిపిన కార్యక్రమాలవి మూడు ఫొటోలు జతచేయాలి. అయిదు గంటలకల్లా కేంద్రం ఆఫీసులో ఇవ్వాలి.

"ఇందులో నువ్వెక్కడున్నావ్ వదినా?"

"లేను."

"ఇందులో?"

"ఆ తెర వెనక."

"బావుంది. దొంగలు కూడా నీకంటే నయం, ఎక్కడో ఒక చోట కెమెరాకి దొరుకుతారు."

అట్టక్క నవ్వలేదు. ఆ పనిలో ఉన్న నియమమే అది. నల్లచొక్కా వేసుకోవాలి, ఫొటోలో పడకూడదు. పడితే మర్నాడు పిలుపు రాదు. కెమెరా ఎటు తిరిగితే దానికి అవతలి వైపు నడవడం ఆమె కాళ్ళకు అలవాటైపోయింది. పదమూడేళ్ళ కష్టానికి సాక్ష్యం ఏదంటే, సాక్ష్యం లేకుండా చేసుకోవడమే ఆమె ఉద్యోగం.

చివరికి వైద్యుల సదస్సు ఫొటో ఒకటి, మరో రెండు తీసింది. తనతో పనిచేసినవాళ్ళ ఉత్తరం కూడా ఒకటి కావాలి. పొద్దున యజమానిని అడిగితే ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "నువ్వెళ్తే ఆ అట్ట ఎవరు మోస్తారమ్మా?" అని నవ్వాడు. ఆ తర్వాత నవ్వు మానేసి, "అక్కడికి మా మేనల్లుడు దరఖాస్తు పెడుతున్నాడు. మధ్యలో నువ్వెందుకు?" అన్నాడు.

ఇక మిగిలింది వడ్రంగి బాబాయి. ఫోను చేసి, ఏ ఫొటోలు పెడుతోందో చెప్పి, ఉత్తరం అడిగింది. వేదికలు కట్టేవాడు ఒకప్పుడు. నిరుడు కాలు విరిగినప్పటి నుంచి యజమాని గోదాములో ఓ మూల స్టూలు మీద కూర్చుని మేకులు, స్క్రూలు వేరుచేస్తుంటాడు. నాలుగూ ఇరవైకి కుంటుకుంటూ షాపుకొచ్చి అంటించిన కవరు ఒకటి ఆమె చేతిలో పెట్టాడు.

"చదవకు. చదివితే చింపేస్తావ్."

"ఏం రాశావ్ బాబాయ్?"

"నిన్ను తిట్టాన్లే. టైమైపోతోంది, పో."

ఆడపడుచు స్కూటీ తీసింది. దారిలో రెండు సిగ్నళ్ళు ఎర్రగా పలకరించాయి. అట్టక్కకి నిమిషాలు లెక్కపెట్టడం తెలుసు గాని, తన కోసం ఎప్పుడూ లెక్కపెట్టుకోలేదు. కౌంటరు దగ్గరికి చేరేసరికి అయిదుకి మూడు నిమిషాలు తక్కువ. గుమస్తా అప్పటికే సొరుగుకి తాళం వేస్తున్నాడు.

"రేపు రండమ్మా."

"మీ గోడ గడియారంలో ఇంకా మూడు నిమిషాలున్నాయి బాబూ. అది ఆగిపోయిందని రాసివ్వండి, వెళ్ళిపోతాను."

అతను గడియారం వంక, ఆమె వంక చూసి మళ్ళీ తాళం తీశాడు.

వారం తర్వాత ఇంటర్వ్యూకి రమ్మన్నారు. వరండాలో యజమాని మేనల్లుడు కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో మెరిసే ఫైలు, కాళ్ళకు మెరిసే బూట్లు. ఆమెను చూసి, "అక్కా, ఇక్కడ కూడా కుర్చీలు వేయించడానికొచ్చావా?" అన్నాడు. అతను చెడ్డవాడు కాదు. చిన్నప్పటి నుంచీ ఎవరూ అడ్డుపడకపోతే మనిషి ఎలా తయారవుతాడో అలా తయారయ్యాడు.

ఒకరి తర్వాత ఒకరిని పిలుస్తారనుకుంటే, ఇద్దరినీ ఒకేసారి లోపలికి రమ్మన్నారు. బల్లకు అవతల ఇద్దరు. ఒకరు నెరిసిన జుట్టు కత్తిరించుకున్న డైరెక్టరమ్మ, రెండో ఆయన నియామకాలు చూసే అధికారి. వాళ్ళ ముందు రెండు ఫొటోలు. రెండూ వైద్యుల సదస్సువే. రెండూ ఒకటే.

అట్టక్క చంకలోని అట్టను ఒళ్ళోకి తీసుకుంది.

"ఒకే ఫొటో ఇద్దరి దరఖాస్తుల్లోనూ ఉంది," అన్నాడు అధికారి. "ఈ కార్యక్రమం నేనే నడిపానని ఇద్దరూ రాశారు. ఎవరో ఒకరు అబద్ధం చెప్తున్నారు."

"కంపెనీ మాది సార్," అన్నాడు మేనల్లుడు వెంటనే. "ఈవిడ మా దగ్గర రోజుకూలీ. కావాలంటే పట్టీలు చూడండి."

అధికారి ఆమె వైపు తిరిగాడు. ఆ చూపు ఆమె ఎరుగుదు. వస్తువు పోయినప్పుడు పనిమనిషి వైపు తిరిగే చూపు అది. లోకంలో ఎక్కడైనా ముందు అటే తిరుగుతుంది.

డైరెక్టరమ్మ మాత్రం ఫొటో మీద వేలు పెట్టింది. "ఈ వేదికకి ఎడమ పక్క ఇంత పెద్ద పూలకుండీ ఉంది. కుడి పక్క ఏమీ లేదు. ఎందుకు?"

మేనల్లుడు గొంతు సవరించుకున్నాడు. "అది డిజైన్ మేడమ్. రెండువైపులా ఒకేలా పెట్టడం పాతకాలం. ఇప్పుడిదే ఫ్యాషన్."

"మీరు చెప్పండి."

కుండీ ఎందుకో అట్టక్కకు తెలుసు. ఆ పూట హాల్లో ఉన్నవాళ్ళలో ఆ సంగతి తెలిసింది ముగ్గురికే. చెప్తే బతికినన్నాళ్ళూ యజమాని ఆమెను గడప తొక్కనివ్వడు. అది ఎలాగూ పోయేదే. కానీ గోదాములో మూల కూర్చున్న బాబాయి? నోరు మూసుకుంటానంటేనే ఆయనకు ఆ స్టూలు దక్కింది. చెప్పకపోతే పదమూడేళ్ళూ దొంగతనం కింద జమ. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

డైరెక్టరమ్మ ఎదురుచూస్తోంది. గోడ మీద గడియారం ముల్లు కదులుతోంది.

"అక్కడ చెక్క విరిగింది మేడమ్," అంది అట్టక్క. "దాని కింద ఊత లేదు. రాత్రికి రాత్రి కట్టమన్నారు. నేను ప్రతి వేదికా నాలుగు మూలలా నడిచి చూస్తాను, ఆ రోజు టైమివ్వలేదు. పొద్దున ఏడున్నరకి వడ్రంగి బరువు పెడితే విరిగి కాలు లోపలికి పోయింది. అప్పటికే ముందు హాల్లో వైద్యులు కాఫీలు తాగుతున్నారు. ఒక్క మాట చెబితే పాతికమంది పరిగెత్తుకొచ్చేవాళ్ళు. గొడవవుతుందని ఆయన్ని వెనక గేటు నుంచి ఆటోలో పంపించారు." ఫొటోలో కుండీ చూపించింది. "ఆ కన్నానికి అడ్డంగా కుండీ పెట్టింది నేనే. అటు ఎవరూ నడవకుండా మైకు కుడివైపు జరిపాను. ఫొటోలో చూడండి, మాట్లాడే ఆయన మధ్యలో లేరు."

అధికారి ఫొటో దగ్గరికి వంగాడు. మాట్లాడే ఆయన మధ్యలో లేడు.

మేనల్లుడు ఫైలు మూసుకున్నాడు. "నాకిది తెలీదు మేడమ్," అన్నాడు. ఆ పూట అతను పలికిన మొదటి నిజం అదే.

"అంటే కన్నమున్న వేదిక ముందు నాలుగువందల మందిని కూర్చోబెట్టారు," అంది డైరెక్టరమ్మ. గొంతులో జాలి లేదు. "రేపు ఇక్కడా అలాంటి చెక్క కనబడితే కుండీ పెడతారా?"

"ఆపేస్తాను."

"ఆ రోజు ఎందుకు ఆపలేదు?"

"రోజుకూలీ కుండీ పెట్టగలదు మేడమ్. కార్యక్రమం ఆపలేదు. ఆపగలిగే కుర్చీ కావాలనే ఇక్కడికొచ్చాను."

డైరెక్టరమ్మ దరఖాస్తు కింద నుంచి గీతల కాగితం ఒకటి తీసి పైకి చదివింది. వడ్రంగి బాబాయి వంకర రాత అది. 'ఈమె పనితనం తెలియాలంటే సదస్సు ఫొటోలో పూలకుండీ సంగతి అడగండి. నిజం చెబితే ఉద్యోగమివ్వండి. నన్ను కాపాడాలని దాస్తే నాలుగు చీవాట్లు పెట్టండి. కాలు నాది, చెప్పుకునే హక్కూ నాదే. ఇట్లు, వేదిక మీద పడ్డవాడు.'

అట్టక్క తల వంచుకుంది. కళ్ళు తుడుచుకోవడానికి అట్ట అడ్డం పెట్టుకుంది.

తొమ్మిది రోజులకు ఉత్తరం వచ్చింది. ఆరు నెలలు చూసి ఖాయం చేస్తారట. చివర్న ఒక వాక్యం అదనంగా టైపు చేసి ఉంది: ఆమె సంతకం లేనిదే ఏ వేదికా తెరవకూడదు. ఆడపడుచు దాన్ని మూడు కాపీలు జిరాక్సు తీసి, "ఒకటి అన్నయ్యకి, ఒకటి గోడకి, ఒకటి మీ పాత యజమానికి పోస్టులో," అంది.

అంతా సుఖంగా ముగిసిందంటే అబద్ధమవుతుంది. ఇంటర్వ్యూ జరిగిన మర్నాడే బాబాయిని గోదాములోంచి పంపేశారు. అట్టక్క పరుగున వెళ్తే ఆయన వాకిట్లో కూర్చుని స్టూలొకటి చెక్కుతున్నాడు. "అక్కడి స్టూలు వాడిదే కదమ్మా, వాణ్ణే కూర్చోనీ. నువ్వు నా కాలు కేసు ఎక్కడ వేయాలో కనుక్కో. సాక్ష్యానికి రావాలి మరి." ఆమె వస్తానంది. కేసు తేదీ తెలియగానే నిమిషాల కాగితంలో మొదటి వరసలో రాసుకుంది.

ఉద్యోగంలో మొదటి సదస్సు రోజు పొద్దున్నే, మెడలో కార్డు వేసుకుని వేదిక ఎక్కింది. ఒక్కో మూలా నడుస్తూ మడమతో గట్టిగా తొక్కుతోంది. కింద ఫొటోగ్రాఫరు కెమెరా సరిచూసుకుంటున్నాడు.

"మేడమ్, కొంచెం పక్కకు. ఫొటోలో పడుతున్నారు."

కాళ్ళు వాటంతటవే రెండడుగులు జరిగాయి. జరిగి, ఆగాయి. ఎడమ మూల ఇంకా చూడలేదు.

"పడనీ బాబూ," అంటూ వెనక్కి వచ్చి, ఆ చెక్క మీద బరువంతా పెట్టి నిలబడింది.