ఎండకు పట్టేసిన బుష్

డోన్ స్టేషన్‌లో దిగేసరికి ఉదయం ఆరు. దేశంలో తొలి ఎన్నికలు జరిగిన ఏడాది, నడివేసవి. కరువు డ్యూటీ. నలుగురం, ఒక లారీ, ఒక డీజిల్ ఇంజను, ఒక పంపు. సైన్యమంటే తుపాకీలే అనుకుంటారు మీరు. నా చేతికిచ్చింది స్పానర్లు.

పడమట పన్నెండు మైళ్ళ దూరంలో ఊరు. బావిలో యాభై రెండు అడుగుల కింద నీళ్ళు. ఆర్డరు ఇదీ: ఉదయం ఐదు నుంచి సాయంత్రం ఆరుదాకా తోడాలి. మధ్యాహ్నం దాకా మనుషుల బిందెలు, ఆ తర్వాత పశువుల తొట్టి.

మొదటిరోజు ఐదింటికి పంపు ఇరుసుకు ఇత్తడి బుష్ వేశాను. ఇరుసు తిరిగే గొట్టం అది. పుస్తకంలో ఉన్నట్టు సిగరెట్ కాగితమంత సందు వదిలాను. పన్నెండింటికి ఎండ నూట పదకొండు డిగ్రీలు. బుష్ ఉబ్బి ఇరుసును పట్టేసింది. రెండోరోజు ఇంకో బుష్ వేసి సందు పెంచాను. తెల్లారిందగ్గర్నుంచీ ఇరుసు టకటకా కొట్టుకుంది. పదకొండింటికి బుష్ అరిగి పగిలింది. ఇక మిగిలిన బుష్ ఒక్కటే. మద్రాసు నుంచి కొత్తవి రావాలంటే ఎనిమిది రోజులు.

తిప్పన్న అనే రైతు వచ్చాడు. "ఏమప్పా, తొట్టికి నీళ్ళొస్తాయా రావా? నా ఎద్దులు రెండూ పడుకోనుండాయి. ఇంగ తాళవు."

"రేపొస్తాయి" అన్నాను. నా మాట మీద నాకే నమ్మకం లేదు.

ఊరి కమ్మరి హుస్సేనప్ప పగిలిన ముక్కను తిప్పి చూశాడు. "పొద్దున సల్లగుండప్పుడు కొలిస్తే ఎట్లప్పా? యండకు ఇత్తడి ఒళ్ళు చేస్తాది. ఒక్క కొలతకే కట్టేస్తే అది యాడికి పోవాల?"

సిగ్గేసింది. చివరి బుష్‌ను రంపంతో నిలువునా రెండు చెక్కలుగా కోశాను. పైచెక్కను బిగించే బోల్టులకు లారీ స్పేర్ల పెట్టెలోని వాల్వు స్ప్రింగులు తొడిగాను. ఉబ్బితే చెక్క పైకి జరుగుతుంది, అరిగితే స్ప్రింగు కిందికి నొక్కుతుంది.

వైర్‌లెస్‌లో ఆఫీసరు, బుష్ కోసిన సంగతి విని: "ఎవరినడిగి కోశారు?"

మా హవల్దారు: "పంపు బాగా నడుస్తోంది సార్. ఓవర్."

పచ్చి అబద్ధం. అప్పటికి ఇంజనే స్టార్ట్ చేయలేదు.

మూడోరోజు మధ్యాహ్నం బుష్ మీద అరచెయ్యి పెట్టి కూర్చున్నాను. పన్నెండయింది. ఒంటిగంటయింది. చెయ్యి కాలుతోంది గానీ ఇరుసు ఆగలేదు. రెండింటికి తొట్టి నిండింది. తిప్పన్న బిందె ముంచుకుని పరిగెత్తాడు. ఒక ఎద్దు తాగి లేచింది. రెండోది లేవలేదు. దాని మూతి దగ్గర బిందె పెట్టి అతను కూలబడ్డాడు. నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

ఆ బుష్ వానలు పడేదాకా మళ్ళీ పట్టేయలేదు. తిరిగి రమ్మని ఆర్డరు వచ్చింది. ఉదయం ఏడింటికి లారీ ఊరు దాటుతుంటే, రోడ్డు పక్క చేలో తిప్పన్న భార్య పైమట్టి గుల్లచేసే గుంటక పట్టుకుని నడుస్తోంది. కాడికి ఒకవైపు ఎద్దు. రెండోవైపు తిప్పన్న. కాడి మెడమీద ఉండగానే మావైపు తిరిగి, "పోయి రాండప్పా" అని నవ్వాడు.