గోడ మీద ఆముదం మసి

మా పక్కింటి పెద్దమ్మ పోయింది. పోయిన మంగళవారం పొద్దున నేను బండల ఫ్యాక్టరీలో పాలిష్ మిషన్ దగ్గర ఉండగా ఇంటినుంచి ఫోన్ వచ్చింది. "పెద్దమ్మ లేదురా" అంది మా అమ్మ. నేను వెంటనే మిషన్ ఆపలేదు. మధ్యలో ఆపితే బండ మీద గీత పడుతుంది. ఆ బండ పూర్తయ్యాకే ఆపాను. నన్నెవరూ ఈ సంగతి అడగలేదు. అయినా ముందు ఇదే రాయాలనిపించింది.

మీకెవరికీ ఆమె తెలియదు. మా వీధి దాటితే ఈ బేతంచెర్లలోనే తెలియదు. పెళ్లయినప్పటి నుంచి ఫ్యాక్టరీల్లో బండలు కడిగింది, రాతిపొడి ఊడ్చింది. ఇంటికొచ్చాక కోళ్లను సాకింది. ఆమె గురించి గొప్పగా చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఒక పుంజు కథ ఉంది.

రెండేళ్ల కింద ఎండాకాలంలో నా కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు బండల మధ్య నలిగి తెగిపోయాయి. కట్టు కట్టుకుని ఇంట్లో పడి ఉన్నాను. అదే వారం పెద్దమ్మ ఎర్రపుంజును వీధికుక్క పట్టింది. ఎట్లాగో విడిపించుకుని వచ్చింది గానీ నెత్తి మీది ఎర్రజుట్టు చీలి రక్తం కారుతోంది. కుక్క వదిలేసిన పనిని సొంత పెట్టలు అందుకున్నాయి. ఇంతకుముందు దాని వెనకాలే తిరిగినవే ఒక్కొక్కటి వచ్చి పొడిచి పోతున్నాయి.

పెద్దమ్మ పనికి పోయి ఉంది. నాకు జాలేసింది. ఆసుపత్రిలో నా వేళ్లకిచ్చిన ఎర్రమందు తెచ్చి దాని తలనిండా పూసి వాకిట్లో వదిలాను. మంచి పని చేశాననుకుని పడుకున్నాను. లేచి చూసేసరికి ఆరు పెట్టలు దాన్ని గోడమూలకు తోసి పొడుస్తున్నాయి. తల మీద తెల్లగా ఎముక కనపడుతోంది.

అప్పుడే పెద్దమ్మ వచ్చింది. ఒళ్లంతా రాతిపొడి, రెప్పలు కూడా తెల్లగా.

"ఏమి పూసినావురా దీనికి?"

"ఎర్రమందు పెద్దమ్మా. నా వేళ్లకిచ్చిందే."

"నీ వేళ్లను కోళ్లు పొడుస్తాండాయా? ఎరుపు కనపడితే అవి ఊరుకుంటాయా? బొట్టు పెట్టి మరీ అప్పజెప్పినావు గదరా!"

కాళ్లు కూడా కడుక్కోకుండా మా రెండిళ్ల నడిమి గోడ పక్కన కూర్చుని పుంజును ఒళ్లోకి తీసుకుంది. కొంగుతో దాని కళ్లు మూసింది. గోరువెచ్చని ఉప్పునీళ్లతో నా మందంతా కడిగింది. పసుపు అద్ది, తడి ఆరేదాకా ఊదుతూ కూర్చుంది. నీళ్లపొయ్యి మీది కాగు అడుగున మసి గీకి తెమ్మంది. దాన్ని ఆముదంలో కలిపి ఎరుపు కనపడకుండా తలంతా నల్లగా పూసింది. "ఇప్పుడు వచ్చి ఏం చూస్తాయో చూడనీ" అని మసి చేతిని అట్లాగే గోడకు తుడిచింది.

పుంజును గంప కింద పెట్టాం. ఆ గంపను లోపల గదిలోకి లాగబోయాను.

"యాడికి తీసకపోతాండావు?"

"గదిలో అయితే ఏవీ పొడవవు గదా."

"పొడవవు. మరిచిపోతాయి. వారం పొద్దులైనాక తెచ్చి వదిలితే ఈ కోడి యాడిదో అనుకోని సంపేస్తాయి. నడివాకిట్లో పెట్టు. పక్కనే గింజలెయ్యి. అది గంపలోపల, ఇవి బయట. రోజూ కనపడతా ఉండల్ల."

పెట్టల్లో మెడ మీద ఈకల్లేనిది ఒకటి ముందు పొడిచేది. దాన్ని మాత్రం దూరంగా కాలికి తాడేసి కట్టింది. మిగతా వాటికి దండెం నుంచి తోటకూర కట్ట ఒకటి వేలాడదీసింది. అవి ఎగిరెగిరి దాన్ని పొడుచుకుంటున్నాయి. "ఎండకు యాడికీ పోలేవు. పని లేదు. అందుకే పక్కదాని నెత్తి కనపడతాండాది" అంది.

రోజూ సాయంత్రం పనినుంచి రాగానే పుంజుకు కొత్తగా మసి పూసి, చేతిని అదే చోట గోడకు తుడిచేది. మా అమ్మ తిట్టేది, గోడ పాడవుతుందని. ఆమె వినలేదు.

ఇంతలో నేను ఇల్లు కదలడం మానేశాను. టీ అంగడి దగ్గర మా మిషన్ వాళ్లు ఒకటి రెండు మాటలన్నారు. వాళ్లు రోజూ అనుకునే మాటలే. వేళ్లు పోయాక నాకు వేరేగా వినపడ్డాయి. తలుపేసుకుని ఉన్నాను. ఒకరోజు పెద్దమ్మ వచ్చి తలుపు తట్టింది.

"లేచి వచ్చి అరుగు మీద కూచో."

"నేనేమన్నా కోడినా?"

"కోడైతే ఇంత రోషం ఉండదులే. రా."

కూర్చున్నాను. మా మిషన్ వాళ్లు అటు పోతూ ఆగారు. "ఏమప్పా మూడువేళ్లోడా, ఊరికే కూచోని తింటాండావా?" అన్నాడొకడు.

నేను నోరు తెరవకముందే పెద్దమ్మ అందుకుంది. "ఒరే, మీ టీ అంగడి కాడ గూడా ఒక తోటకూర కట్ట వేలాడదీయల్లరా! నోటికి పనుంటాది!"

వాళ్లు పడి పడి నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. మరుసటి రోజు వాళ్లే ఆగి టీ ఇచ్చి పోయారు.

ఇరవై రోజులకు పుంజు తల మీద పక్కు రాలింది. అప్పుడు కూడా గంప ఎత్తనివ్వలేదు. ముందు సాధువైన పెట్టనొకదాన్ని గంపలోకి వదిలింది. రెండు రోజులు చూసి ఇంకోదాన్ని వదిలింది. ఆ తర్వాత గంపను ఒకవైపు ఇటుక మీద ఎత్తి పెట్టింది. పుంజు తనంతట తానే తల బయటపెట్టి, నిలబడి, రెక్కలు దులుపుకుంది. ఆ మెడబోడి పెట్టను అన్నిటికంటే చివర విప్పింది. ఆ తర్వాతి సోమవారం నేను ఫ్యాక్టరీకి పోయాను.

ఇప్పుడు రాయాల్సింది రాస్తాను.

మొన్న వానలప్పుడు పెద్దమ్మకు దగ్గు ముదిరింది. రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుందని డాక్టరు చెప్పాడు. అది ఒకరినుంచి ఒకరికి వచ్చేది కాదు. వీధి మాత్రం అంటుకునే జబ్బని తేల్చేసింది. నీళ్ల కాడికి ఆమె వస్తే బిందెలు పక్కకు జరిగాయి. కోడలికి మూడు నెలల పసిబిడ్డ. భయపడి పెద్దమ్మను వెనకాల గదిలో పడుకోబెట్టి తలుపేసింది. కొడుకు లారీ మీద, ఎప్పుడో ఒకరోజు ఇంట్లో ఉంటాడు.

గోడ మీదనుంచి కోడలిని నానా మాటలన్నాను. ఆమె ఏడుస్తూ, "నీకేమప్పా, ఎన్నైనా అంటావు. బిడ్డ నాది" అంది. అరవడం నాకు బాగా వచ్చు. అరిచి పనికి పోయాను.

ఒక సాయంత్రం కిటికీలోనుంచి టీ అందిస్తుంటే పెద్దమ్మ అడిగింది. "నాయనా, నా మంచం వాకిట్లో ఏస్తావా? నలుగురికీ కనపడతా కూచుంటా."

"అట్లే పెద్దమ్మా. రేపు."

ఫ్యాక్టరీలో రెండు షిఫ్టులు నడుస్తున్నాయి. మరుసటి రోజూ అడిగింది. రేపన్నాను. మూడోరోజు అడగలేదు. "పుంజు ఎట్లుండాది?" అంది.

"శానా బాగుండాది పెద్దమ్మా."

"గంప కింద పెట్టలేదు గదా?"

"లేదు."

"మంచిది" అంది.

అది నులకమంచం. దాని మీద ఆమె ఎంత బరువుంటుంది? నేను రోజంతా బండలెత్తేవాణ్ణి. మూడు వేళ్లు చాలు. నాలుగడుగుల దూరం.

మంగళవారం ఆ మంచాన్ని నలుగురం పట్టుకుని వాకిట్లోకి తెచ్చాం, గంప పెట్టిన చోటికే. వీధంతా వచ్చింది. బిందెలు జరుపుకున్నవాళ్లు ఆమె మొహం మీద పడి ఏడ్చారు. అప్పుడు ఎవరికీ జబ్బు గుర్తు రాలేదు. నాకు అందరినీ తన్ని తరమాలనిపించింది. ముందు నన్ను.

మూడోరోజు గోడలకు సున్నం కొట్టాలన్నారు. నేను కొడతానన్నాను. ఒక పూత కొట్టాను. ఎండాక చూస్తే మసి ఉన్నచోట పసుపుపచ్చగా మరక. రెండో పూత కొట్టాను. పొద్దునకు నల్లగా బయటికొచ్చింది. సున్నానికి ఆముదం లొంగలేదు. కూర్చున్న మనిషి చెయ్యి ఆనేంత ఎత్తులో, ఐదు వేళ్లు.

ఎర్రపుంజు ఆ గోడ కిందే నిలబడి ఉంది. నేను గొంతుక్కూర్చుని నా కుడిచెయ్యి ఆ గుర్తు మీద ఆనించాను. నా చెయ్యి కప్పలేనిచోట ఆమెవి రెండు వేళ్లు కనపడుతున్నాయి.