అతుకు కనబడని పూలపాత్రలు

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి పదేళ్ళు గడిచిన ఏడు అది. పుదుచ్చేరిలో ఫ్రెంచివారి ఏలుబడి. కాలువకు పడమట ఒక ఇత్తడి కార్ఖానాలో నేను ఫోర్‌మన్‌ను. అంటే డ్రాయింగు గీసి, కొలతలు విడమరచి, పూర్తయిన పనిని సరిచూసే ఉద్యోగిని. మూలమట్టానికి నిలవని వస్తువు నా బల్ల దాటేది కాదు.

ఆ వేసవిలో ఒక ఫ్రెంచి దొరసాని తమ భోజనశాలకు పూలపాత్రల జత కోరారు. ఆమె చూపిన నమూనాలో పువ్వు లేదు, లత లేదు, హంస లేదు. ఆరు పలకలు, ఆరు అంచులు, నునుపైన ఇత్తడి. పారిసులో ఇప్పుడిదే వాడుక అన్నారు.

నేను డ్రాయింగు గీసి, ఉప్పళం నుంచి వచ్చే కంచరి వీరాసామికి పని అప్పగించాను. అతనికి యాభై దాటాయి. పాత చేతులకు కొత్త నమూనాలు రావని యజమాని అభిప్రాయం. ఈ జత చెడితే వీరాసామిని పనిలోనుంచి తీసివేయమని ముందే ఆజ్ఞాపించారు.

వారానికి మొదటి పాత్ర వచ్చింది. కొలతలు తప్పలేదు. కాని ఒక పలక నడుమ పైనుంచి కిందికి మల్లెతీగ చెక్కి ఉంది!

"ఈ తీగ ఎక్కడిది? కాగితంలో ఉన్నదా?"

"లేదయ్యా. అతుకుండాదే, దాన్ని యాడ దాచేది? బోడి అతుకు జూస్తే మా నాయన సుత్తి ఎత్తుండును."

"దొరసాని బోడిగానే కోరారు."

"ఆయమ్మకేంది, కోరతాది. నవ్వేది మా కంచరోళ్ళు గదా!"

రేకును చుట్టి, కొసలను టంకం కరిగించి అతికి, ఆ గీతను తీగతో కప్పడం వారి ఆచారం. మందలించడానికి డ్రాయింగు విప్పాను. ప్రతి కొలతా ఉంది. అతుకు ఎక్కడ రావాలో మాత్రం నేను రాయలేదు.

తప్పు డ్రాయింగుదేనని యజమానికి చెప్పి, కొత్త రేకు తెచ్చాను.

"అతుకును అంచు మీద పెట్టు, వీరాసామీ. రెండు పలకలు కలిసే చోటే కొసలూ కలుస్తాయి. దాచవలసిన పని ఉండదు."

అతను అంచును బొటనవేలితో తడిమాడు. "వెంట్రుకంత జరిగినా పళ్ళికిలిస్తాదయ్యా. కప్పేదానికి తీగ గూడా ఉండదు."

"చేయలేవా?"

"చేయలేనని ఎవురన్నారు? తీగ చెక్కేటోళ్ళు వీధికి పదిమంది. ఇది జేసేటోడు యాడుండాడో జూపించండి!"

అంచులను ఆకురాయితో అరగదీయడానికే నాలుగు రోజులు పట్టింది. జత పూర్తయ్యాక దొరసాని వచ్చి, వెలుతురులో తిప్పి తిప్పి చూశారు. యజమాని పక్కనే నిలబడి ఆమె ముఖం చూస్తున్నారు.

"అతుకు ఎక్కడుంది?" అని ఆమె ఫ్రెంచిలో అడిగారు. నేను వీరాసామికి తెలుగులో చెప్పాను.

"చెప్పనని చెప్పండయ్యా," అన్నాడు వీరాసామి.

ఆమె నవ్వి, అదే తీరులో దీపపు స్తంభం కోరుతూ నమూనా ఇచ్చారు. ఆ నమూనాను యజమాని స్వయంగా వీరాసామి చేతికిచ్చారు.

నేను ఆ పనివాడి పేరున రాయబోయిన తప్పు నాది. నాటినుంచి ప్రతి డ్రాయింగులోను అతుకు స్థానం ముందుగా గుర్తించేవాణ్ణి. గుర్తించే ముందు, చేసేవాణ్ణి అడిగేవాణ్ణి.