మంచి పిల్లలకి రాదని చెప్పేను

ఈ మాట ఎన్నో ఏళ్ళుగా నాలోనే దాచుకున్నాను. మా ఆయనతో చెప్పలేదు. చర్చిలో మోకరించినప్పుడు కూడా పైకి అనలేదు. మీరెవరో నాకు తెలీదు కాబట్టి మీకు చెబుతున్నాను. నేను ఒక పిల్ల చదువు పాడుచేసేను.

అమలాపురంలో ఒక కాలేజీ అమ్మాయిల హాస్టల్‌కి వార్డెన్‌గా చేసేదాన్ని. నోరు పెద్దది నాది. నా చెప్పుల చప్పుడికే పిల్లలు మాటలు ఆపేసేవారు, దానికి నేను తెగ మురిసిపోయేదాన్ని. హాస్టల్ చుట్టూ కొబ్బరితోట. కాయలు దింపేవాళ్ళు చెట్టెక్కితే మా మేడ అంతా కనపడుతుంది. అందుకని లోబట్టలు మేడమీద ఆరేస్తే ఊరుకోనని ఆర్డరు వేసేను. పాపం, గదుల్లోనే మంచాల పట్టెల మీద, చున్నీల చాటున ఆరేసుకునేవారు. వానాకాలంలో అవి ఎక్కడ ఆరతాయి? పచ్చిగానే తొడుక్కుని క్లాసులకి పోయేవారు.

దీవెనది రాజోలు దగ్గర పల్లెటూరు. ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం. వాళ్ళింట్లో అంతదూరం చదివిన ఆడపిల్ల ఇంకెవరూ లేరు. ఒక సాయంత్రం నా గదికి వచ్చి తలుపు దగ్గరే నిలబడిపోయింది.

"మేడం గారూ, కింద ఒకటే దురదండీ. మంటండీ. తెల్లగా, పెరుగు విరిగినట్టు అవుతుందండీ. డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్తారాండీ?"

"ఎవడితో తిరుగుతున్నావే?"

"అయ్యో, ఎవరూ లేరండీ. ఒట్టండీ."

అసలు సంగతి చెప్పనా? అదేమిటో నాకు బాగా తెలుసు. యూనివర్సిటీలో చదివేటప్పుడు నాకూ వచ్చింది. నేను ఏడుస్తుంటే డాక్టరమ్మ నవ్వేసింది. ఇది ఈస్ట్ ఇన్ఫెక్షన్ అని, హాస్టల్ పిల్లలు దీనికోసం వస్తూనే ఉంటారని, మగాడి మొహం చూడని పిల్లకి కూడా వస్తుందని, తడిబట్టలు కట్టొద్దని చెప్పి మందు రాసిచ్చింది. వాడేను, తగ్గిపోయింది.

మరి ఆ నాలుగు ముక్కలూ దీవెనకి ఎందుకు చెప్పలేదు? నాకూ వచ్చిందని ఒప్పుకోవాల్సి వస్తుందనా? తడిబట్టలంటే తప్పు నా ఆర్డరు మీదకి వస్తుందనా? ఎన్నిసార్లు తిప్పితిప్పి చూసుకున్నా, ఆ రెండింటి కింద ఇంకోటి కనపడుతుంది. కండకావరం. ఎదురుగా ఒక పిల్ల వణుకుతుంటే నాకు బాగుంది. ఛీ.

వాళ్ళ నాన్నగారికి ఫోను చేసేను. మర్నాడే వచ్చేరు. ఇలాంటివి మంచి పిల్లలకి రావండీ, ఆపైన మీ ఇష్టం అన్నాను. ఆయన ఒక్క మాట ఎదురాడలేదు. "ఆయ్, అలాగేనండీ" అని, పెట్టె సర్దించి కూతుర్ని ఆటో ఎక్కించేరు. చదువు అక్కడితో సరి. డాక్టరుకి చూపించేరో లేదో కూడా నేను కనుక్కోలేదు.

ఆ తర్వాత ఏ పిల్లా అలాంటి బాధ చెప్పుకోడానికి నా దగ్గరకి రాలేదు. ఎంతమంది పళ్ళు బిగించుకుని ఓర్చుకున్నారో. క్రమశిక్షణ బాగుందని కాలేజీవాళ్ళు మెచ్చుకుంటే సిగ్గులేకుండా నవ్వేను.

కొన్నాళ్ళకి వాళ్ళ నాన్నగారు దీవెన పెళ్ళి శుభలేఖ పట్టుకుని వచ్చేరు. నేను సమయానికి చెప్పబట్టి వాళ్ళ పరువు నిలబడిందట. ఈ మేలు మర్చిపోలేమండీ అంటూ రెండు చేతులూ జోడించేరు. అప్పుడైనా చెప్పొచ్చు కదా? మీ అమ్మాయి ఏ తప్పూ చెయ్యలేదండీ, అది చాలామందికి వచ్చేదే, నాకూ వచ్చిందండీ అని. నోటిదాకా వచ్చింది. సంతోషమండీ అన్నాను. పెళ్ళికి వెళ్ళి భోంచేసి కూడా వచ్చేను.

దీవెన నాన్నగారు పోయేరని ఈమధ్య తెలిసింది. కూతురు తప్పు చేసిందనే నమ్మి పోయేరు. ఆయనతో ఇక చెప్పలేను. దీవెన ఎదుట నిలబడే ధైర్యం ఈరోజుకీ లేదు. ఆ పిల్ల నిజం చెప్పింది, అబద్ధమాడింది నేను. ఇది రాసేసరికి ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. అందుకు కూడా నాకు సిగ్గుగానే ఉంది.