గంగాళం మీద జపాను నాట్యం

పక్కింటి అక్క చంకలో బిందెతో మా వాకిట్లో నిలబడి ముందు ఆకాశం వైపు చూసింది, తర్వాత బోర్లించిన గంగాళం మీద ఎగురుతున్న నా కూతురి వైపు చూసింది. అప్పుడే నాకు భయం మొదలైంది.

"ఏం తల్లీ, ఏం చేస్తాండావు?"

"సూర్యమ్మను బయటికి పిలుస్తాండా, పెద్దమ్మా," అంది ఏడేళ్ల నా కూతురు, విసనకర్ర తిప్పుతూ.

"సూర్యుడు ఆడదెప్పుడైనాడే?"

"జపానులో!"

గార్లదిన్నెలో ఆ రోజు పొద్దున్నుంచి మబ్బు పట్టి ఉంది. అక్క వాళ్ల చేలో వేరుశనగ మొలకలు వాడిపోయి ఒక్క వాన కోసం చూస్తున్నాయి. పిల్ల ఇంకోసారి కాలు తాటించేసరికి మబ్బు విడిపోయి వాకిలంతా ఎండ పడింది.

"పిలిస్తే వచ్చేసినాది చూడు," అంది అక్క. నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు.

తప్పు నాదే. నేను చదువుకున్న కాలేజీ లైబ్రరీలో జపాను నాట్యాల మీద ఒక బొమ్మల పుస్తకం ఉండేది. తెల్లరంగు పూసుకున్న ముఖాలు, విసనకర్రలు, చెక్క అరుగు మీద నింపాదిగా వేసే అడుగులు. ఆ నాట్యానికి మూలం ఒక కథ అంటారు. సూర్యదేవత తమ్ముడి ఆగడాలు భరించలేక గుహలో దాక్కుంటే లోకం చీకటైంది. అప్పుడు ఇంకో దేవత తొట్టి బోర్లించి, దాని మీద దబదబా కాళ్లు తాటిస్తూ ఆడింది. చూసిన దేవతలంతా పగలబడి నవ్వారు. ఆ నవ్వులేమిటోనని సూర్యదేవత తొంగి చూసింది. వెలుగొచ్చింది. పిల్లలకు అన్నం తినిపిస్తూ ఈ కథ చెప్పాను. నింపడానికి నీళ్లు లేక మా గంగాళం అప్పటికి నెలగా బోర్లించే ఉంది. ఎండ కోసం దేవతలు అల్లాడిన కథ ఈ ఊళ్లో చెప్పకూడదని నాకు తట్టనే లేదు.

మూడో రోజు కప్పతల్లి వచ్చింది. ఆడపిల్లలు రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, వాన కోసం ఇల్లిల్లూ తిరుగుతున్నారు. ప్రతి ఇంట్లోనూ కప్ప మీద నీళ్లు పోస్తారు. నేనూ చెంబుతో గడపలో నిలబడ్డాను. నా కూతురు వాళ్లతో కలవాలని పరుగెత్తింది.

"నువ్వొద్దు పోవే! నువ్వొస్తే మళ్లీ ఎండొస్తాది," అంది ముందున్న పిల్ల.

మా ఇల్లు వదిలేసి పక్కింటికి పోయారు.

"మన నీళ్లు కప్పకొద్దంటనా?" అని అడిగాడు నా నాలుగేళ్ల కొడుకు.

ఆ సాయంత్రం నుంచి నా కూతురు సరిగా నీళ్లు తాగలేదు. రెండు గుక్కలు తాగి గ్లాసు పక్కన పెట్టేసేది. గట్టిగా అడిగితే, "నా వల్లనే కదమ్మా వాన పోయింది," అంది. నాలుగు రోజులకు పెదవులు పగిలాయి. మా ఆయనకు చెబితే, "పిల్లల మాటలు. నీకెందుకింత దిగులు?" అని అటు తిరిగి పడుకున్నారు.

పిల్లలు పడుకున్నాక రాసుకోవడం నా అలవాటు. ఆ రాత్రి ఒక్క వాక్యం సాగలేదు. రెండుసార్లు లేచి నా కూతురి నుదురు తడిమాను. అదే పుస్తకంలో ఇంకో కథ ఉంది. కరువు కాలంలో కొలను ఒడ్డున వంద మంది నర్తకులు ఒకరి తర్వాత ఒకరు ఆడారట. అందరికన్నా చివర ఒక అమ్మాయి ఆడగానే వాన కురిసిందట. ఆ కథ చెబితే నా కూతురి ముఖం వెలుగుతుంది, తెల్లారేసరికి మళ్లీ గంగాళం ఎక్కుతుంది. వాన రాకపోతే? వస్తే ఇంకా భయం. ఆ తర్వాత ఏ ఏడు వాన తప్పినా జనం మా వాకిలి వైపే చూస్తారు.

ఆ కథ చెప్పలేదు. పొద్దున ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని ఇలా చెప్పాను: "నువ్వు ఆడినందుకు ఎండ రాలేదు. నువ్వు ఆడితే వానా రాదు. మబ్బుకు నువ్వెవరో తెలీదు, నేనెవరో తెలీదు. వాళ్ల పైరు ఎండిపోతాంది, అందుకే ఎవరినో ఒకరిని అంటారు. రేపు ఇంకొకరిని అంటారు. నువ్వు మాత్రం దప్పికైతే నీళ్లు తాగాల. ఇప్పుడు, నా ముందర."