గోల్ కొట్టినవాడి పేరు

చమురు రేటు మండిపోతున్న ఆ రోజుల్లో, అరబ్బు దేశంలో నజ్మా అనే పేట వెనక ఇసుకలో ఖాళీ డ్రమ్ములు గోలుపోస్టులుగా నిలబెట్టి, కూలీల క్యాంపులో ఫుట్‌బాల్ జట్టు పెట్టింది మేస్త్రీ రాజనర్సే. ప్రతి శుక్రవారం ఫోర్‌మన్ వచ్చి చూసేవాడు. అతనికి ఆటంటే ప్రాణమేమో అనుకున్నారు పిచ్చోళ్ళు! చురుగ్గా పరిగెత్తినవాణ్ణి ఏరుకుని, మర్నాడే ఎత్తు టవర్ పనికి ఎక్కించేవాడు. అలా ఎక్కినవాళ్ళలో ఇద్దరు శవాలై దిగారు. ఫోర్‌మన్ ఎందుకొస్తున్నాడో అప్పటికిగాని రాజనర్సుకు అర్థం కాలేదు.

ఆ శుక్రవారం అతని బామ్మర్ది లింబాద్రి మొదటిసారి ఆడుతున్నాడు. బంతితో లేడిలా దూసుకుపోతుంటే, గోల్ కాస్తున్న రాజనర్సు ఫోర్‌మన్ వైపు చూసి అరిచాడు.

"బామ్మర్దీ, కొట్టకురా! బొక్కబోర్ల పడు!"

లింబాద్రి నవ్వుతూ కొట్టాడు. గోల్!

ఫోర్‌మన్ రాజనర్సు పక్కకొచ్చి నిలబడ్డాడు. "ఉస్‌కా నామ్ క్యా హై?"

ఏదో ఒక దొంగపేరు చెబుదామని రాజనర్సు నోరు తెరిచేలోపే, జట్టంతా ఎగిరి గంతులేస్తూ అరిచింది: "లింబాద్రీ! లింబాద్రీ!"