పత్రిక వదిలేసిన పేర్లు

గ్రంథాలయంలో పాత పత్రికల గది చూసుకునే పెద్దాయన పేజీని వేలితో తిప్పడు. కింద అట్టముక్క దూర్చి, నిద్రపోతున్న పసిబిడ్డను ఒత్తిగిలబెట్టినట్టు నెమ్మదిగా తిప్పుతాడు. తన అమ్మమ్మకు అసలు పెళ్లే కాలేదని తాతయ్య తరపువాళ్లు దెప్పుతుంటే, రుజువు కోసం ఒకామె మూడు రోజులుగా అక్కడ పెళ్లివార్తలు వెతుకుతోంది. “అమ్మమ్మ పేరుతో వెతికితే దొరకదమ్మా. అప్పట్లో తండ్రుల పేర్లే వేసేవాళ్లు. ఆవిడ నాన్నగారి పేరు చెప్పు,” అన్నాడాయన.

పావుగంటలో దొరికింది. ఫలానా టైలరు గారి రెండో కుమార్తెకు, ఫలానా పోస్టుమాస్టరు గారి మూడో కుమారుడికి వివాహం. ఆమె ఆ రెండు పంక్తుల మీద వేలు పెట్టబోయి, ఆయన చూపు చూసి వెనక్కి తీసుకుంది. “ఇక వాళ్ల నోళ్లు మూతపడతాయండీ,” అంది కళ్లు తుడుచుకుంటూ. పెద్దాయన సొరుగులోంచి ఒక నోటుపుస్తకం తీశాడు. అందులో తేదీల పక్కన, పత్రిక వదిలేసిన పెళ్లికూతుళ్ల పేర్లు, ఇలా వెతుక్కుంటూ వచ్చినవాళ్లు చెప్పినవి, రాసి ఉన్నాయి. “ఇప్పుడు చెప్పమ్మా, అమ్మమ్మ పేరేంటి?”